పేరు కోసం ఆగిన ముప్పై రోజులు

మా పాప మేఘనకు ఇప్పుడు ఎనిమిదో నెల. పొద్దున లేచింది మొదలు ఇల్లంతా పాకుతూ, దొరికిన చెప్పునల్లా నోట్లో పెట్టుకుంటోంది. అది దగ్గితే మాత్రం ఇంట్లో నలుగురం చేస్తున్న పని ఆపేసి దాని వంక చూస్తాం. రెండో దగ్గు రాకపోతే మళ్ళీ ఎవరి పనుల్లో వాళ్ళం పడతాం. భయం ఆ మాత్రానికి తగ్గింది కాబట్టే ఇది రాయగలుగుతున్నాను.

రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా ఆఫీసులో ఎవరికైనా బిడ్డ పుట్టి మిఠాయి డబ్బా తెస్తే, నేను మిఠాయి తీసుకోకముందే "ఇన్సూరెన్స్ పాలసీలో చేర్చావా?" అని అడుగుతున్నాను. పాపా బాబా అని కూడా అడగకుండా ఇదేం ప్రశ్న అని జనం వింతగా చూస్తున్నారు. ఒక్కొక్కళ్ళకీ విడిగా చెప్పే ఓపిక లేదు. చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ సిగ్గుగానూ ఉంది. అందుకే ఒక్కసారే రాసి పెడుతున్నాను.

నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ టీమ్‌కు లీడ్‌ని. అంటే ఎదుటివాళ్ళు చేసిన తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. పన్నెండేళ్ళుగా అదే పనికి జీతం తీసుకుంటున్న మనిషి సొంత బిడ్డ విషయంలో ఏం వెలగబెట్టాడో వినండి.

పదిహేడో రోజు

పాప పుట్టిన ఇరవై ఒకటో రోజున పేరు పెట్టాలనుకున్నాం. నా భార్య లావణ్యది తణుకు. వాళ్ళు బారసాల అంటారు, మా అమ్మ తొట్టెల అంటుంది. రెండు పేర్లతోనూ రెండు వైపులా పిలుపులు వెళ్ళాయి. అంతలో పదిహేడో రోజు పొద్దున గోపన్‌పల్లిలో మా పెదనాన్న పోయారు. నాన్నకు సొంత అన్న కాబట్టి మైల మాకూ ఉంటుంది.

"మైలల తొట్టెల ఎట్ల వేస్తం రా? దినాలు కానీ. జర ఆగుదాం," అంది అమ్మ.

ఇరవై ఏడో రోజున దినాలు అయ్యాయి. ఆ తర్వాత మంచిరోజు ఎప్పుడని అడిగితే పంతులుగారు ముప్పై నాలుగో రోజు అన్నారు. అప్పటిదాకా పాపను అందరం బుజ్జి అనే పిలిచాం. మనసులో అనుకున్న పేరును ముందే పైకి అనకూడదని అమ్మ షరతు. లావణ్య కూడా సరేనంది. వాళ్ళింట్లోనూ అదే పద్ధతి.

ఆ మధ్యలోనే కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. బిడ్డ పుట్టిన ముప్పై రోజుల్లోగా ఆరోగ్య బీమాలో చేర్చాలి. ఆ గడువు దాటితే మళ్ళీ ఏడాదికోసారి పాలసీ కొత్తగా రాసుకునేటప్పుడే. ఇంకా పేరు పెట్టకపోతే 'బేబీ ఆఫ్' అని తల్లి పేరు రాస్తే చాలని కూడా అందులో ఉంది. నేను చదివాను. చదవలేదని చెప్పుకునే అవకాశం నాకు లేదు.

కానీ అలా రాయబుద్ధి కాలేదు. మా టీమ్‌లో ప్రశాంత్ అనే అతను రెండేళ్ళ కిందట కొడుకును అలాగే చేర్చాడు. తర్వాత ఆ పేరు మార్పించడానికి ఏడు నెలలు తిరిగాడు. పేరు కలవలేదని మధ్యలో ఒక క్లెయిమ్ వెనక్కి కూడా వచ్చింది. ఆ గోలంతా భోజనాల బల్ల దగ్గర నవ్వుతూ అందరికీ చెప్పేది నేనే. తప్పు సమాచారం ఎక్కించి దిద్దుకునేకంటే, సరైనది వచ్చేదాకా గడి ఖాళీగా ఉంచడం మేలని కొత్తవాళ్ళకు పాఠం చెప్పేదీ నేనే.

ముప్పయ్యో రోజు

ఆ వారం ఆఫీసులో రిలీజ్ హడావిడి. మధ్యాహ్నం కాస్త తీరిక దొరికితే ఫారం తెరిచాను. పుట్టిన తేదీ, ఆసుపత్రి, తల్లి పేరు అన్నీ నింపి, బిడ్డ పేరు దగ్గర ఆగాను. ఇంకో నాలుగు రోజుల్లో పేరు వచ్చేస్తుంది కదా అనుకున్నాను. పంపించకుండా డ్రాఫ్ట్‌గా దాచాను. ఇవాళ్టి తేదీతో ఫారం వాళ్ళ సిస్టమ్‌లో ఉంది కాబట్టి గడువులోపే మొదలుపెట్టినట్టు లెక్క అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. ఇదే మాట నా టీమ్‌లో ఎవరైనా అని ఉంటే నలుగురిలో నిలబెట్టి కడిగేసేవాణ్ణి.

ముప్పై నాలుగో రోజున తొట్టెల బాగా జరిగింది. పళ్ళెంలో పోసిన బియ్యంలో ఉంగరంతో మేఘన అని నేనే రాశాను. మర్నాడు ఆఫీసుకు వెళ్ళి ఫారం తెరిస్తే గడువు ముగిసిందని ఎర్రటి అక్షరాల్లో ఒక్క వాక్యం ఉంది. నేను దాచిన డ్రాఫ్ట్ కూడా లేదు.

హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ పెట్టాను. కుదరదని మర్యాదగా జవాబు వచ్చింది. పాలసీ మళ్ళీ రాసుకోవడానికి ఐదు నెలలుంది. ఈ ఐదు నెలల్లో పాలు తాగి పడుకునే పిల్లకు ఏం వస్తుందిలే అనుకున్నాను.

ఆ సాయంత్రం లావణ్య పాపకు ఒళ్ళు తుడుస్తూ అడిగింది. "పాపని ఇన్సూరెన్స్‌లో వేశారాండి?"

"ఆఁ, అయిపోయింది," అన్నాను.

ఎందుకన్నానో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. పరువు పోతుందని తప్ప వేరే కారణం నాకు కనపడలేదు. ఇంట్లో కరెంటు బిల్లు మొదలు కాగితం పనులన్నీ నావే. పెళ్ళయిన కొత్తలో లావణ్య ఆధార్‌లో చిన్న తప్పుంటే నెల రోజులు వేళాకోళం చేసినవాణ్ణి.

నలభై ఎనిమిదో రోజు

రెండు రోజుల నుంచి పాపకు జలుబుగా ఉంది. ఆ పొద్దున పాలు పట్టబోతే మొహం తిప్పేసుకుంది. ఏడుపు కూడా సన్నగా, గొంతు దాటకుండా వస్తోంది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి పోతోంది. మేముండేది నిజాంపేటలో. వీధి చివరి పిల్లల డాక్టరు దగ్గరికి ఎత్తుకుని పరిగెత్తాం. ఆయన పాప చొక్కా విప్పి ఒక్క నిమిషం చూశాడు. మందులేమీ రాయలేదు. "పిల్లల ఐసీయూ ఉన్న ఆసుపత్రికి ఇప్పుడే వెళ్ళండి, ఇంటికి పోయి సర్దుకుని పోదామనుకోవద్దు," అన్నాడు.

క్యాబ్ ఎక్కగానే లావణ్య అంది. "గచ్చిబౌలి వైపు పెద్దాసుపత్రికే పోనివ్వమనండి. ఇన్సూరెన్స్ ఉందిగా, ఆలోచించడం ఎందుకు."

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. పాప ముక్కుపుటాలు అదురుతూ కనిపించాయి. డ్రైవర్‌కు ఆసుపత్రి పేరు చెప్పాను.

అక్కడ పాపను తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. లావణ్య తలుపు దగ్గర నిలబడిపోయింది. నేను అడ్మిషన్ కౌంటర్ దగ్గరికి వెళ్ళాను. "క్యాష్‌లెస్సా, క్యాషా సార్?" అని అడిగింది అక్కడి అమ్మాయి.

"క్యాష్," అన్నాను.

"మెళ్ళో కంపెనీ ఐడీ ఉంది కదా సార్. ఇన్సూరెన్స్ లేదా మీకు?"

పొద్దున ఆఫీసుకు బయల్దేరబోతూ వేసుకున్న కార్డు అది. తీసి జేబులో కుక్కుకున్నాను. క్రెడిట్ కార్డు బయటికి తీశాను.

నలభై తొమ్మిది నుంచి యాభై ఒకటి దాకా

ఐసీయూ బయట కుర్చీలు వరుసగా ఉంటాయి. రోజుకు రెండుసార్లు, ఒక్కొక్కరినే, పది నిమిషాలు లోపలికి పంపిస్తారు. ముక్కులోకి గొట్టాలు, ఒళ్ళంతా తీగలు. పాప గుండె అంకెల రూపంలో ఒక తెర మీద కొట్టుకుంటూ ఉండేది. నేను పాప మొహం చూడకుండా ఆ అంకెలు చూసి వచ్చేవాణ్ణి.

లావణ్య మూడు గంటలకోసారి పాలు పిండి లోపలికి పంపాలి. అందుకు చోటు లేదు. బాత్రూంలో నిలబడి ఆ పని చేస్తుంటే గేటు దగ్గర కాపలా ఉండే యాదమ్మ చూసింది. దుప్పట్లు పెట్టే గది తాళం తీసి కుర్చీ వేసింది. "గీడ కూసో బిడ్డా. ఎవ్వలు రారు, నేనుంట," అని తలుపుకు అడ్డంగా నిలబడింది. ఆ మూడు రోజులూ పగటి డ్యూటీలో ఉన్నంతసేపూ అలాగే నిలబడింది.

పక్క కుర్చీలో మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒక తల్లి కూర్చునేది. వాళ్ళ బాబుకు గుండె జబ్బు. భర్త మేస్త్రీ, డబ్బు కోసం ఊరూరా తిరుగుతున్నాడు. లావణ్య ఆమెతో అన్నం పంచుకునేది, చెయ్యి పట్టుకుని ఏదో చెబుతూ ఉండేది. నేను దూరం నుంచి చూసేవాణ్ణి.

రోజూ పొద్దున పదకొండింటికి బిల్లు ఎంతయిందో నా ఫోన్‌కు మెసేజ్ వచ్చేది. లావణ్య చూడకముందే తుడిపేసేవాణ్ణి. తర్వాత మెట్ల దగ్గరికి వెళ్ళి హెచ్‌ఆర్‌కు ఫోన్ చేసేవాణ్ణి. అక్కడున్న దివ్య అనే అమ్మాయి మంచిదే. "సార్, నేను ఎక్సెప్షన్‌కి పంపించాను, రెండు వర్కింగ్ డేస్ టైమివ్వండి," అంది. రెండో రోజు తనే ఫోన్ చేసింది. గొంతు వినగానే అర్థమైంది.

"సారీ సార్. ఇన్సూరర్ ఒప్పుకోలేదు. మీరు డ్రాఫ్ట్ పెట్టిన రికార్డ్ కూడా చూపించాను. సబ్మిట్ కాలేదు కాబట్టి కుదరదన్నారు."

వాళ్ళ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. బిడ్డకు జబ్బు చేశాక చేర్చుకోమంటే ఎవరైనా కుదరదనే అంటారు. అందరి దగ్గరా కొంత కొంత పోగుచేసి జబ్బుపడ్డవాడికి ఇవ్వడమే కదా బీమా అంటే. తలుపు ఎప్పుడూ బార్లా తెరిచి పెడితే జబ్బుపడ్డాకే అందరూ లోపలికి వస్తారు. అంత వరకూ నాకు తెలుసు. అయినా ఆ తలుపు యాభై రోజుల పిల్ల మొహం మీద వేశారు. వేసింది వాళ్ళు, వేయించింది నేను. నా జీతంలో అమ్మానాన్నల కోసం ప్రతి నెలా కోత పడుతుంది. వాళ్ళిద్దరూ కార్డులో ఉన్నారు, నేనున్నాను, లావణ్య ఉంది. లోపల ఊపిరి కోసం కొట్టుకుంటున్నది ఒక్కతే లేదు.

నాన్న బాలానగర్‌లో లేత్ మెషిన్ మీద ముప్పై ఏళ్ళు పనిచేశారు. ఆయనకు మాత్రం నిజం చెప్పాను. మర్నాడు బ్యాంకులో తన డిపాజిట్ విరగ్గొట్టి తెచ్చి ఇచ్చారు. అది రెండు రోజులకు సరిపోయింది.

యాభై రెండో రోజు

పొద్దున డాక్టరుగారు పిలిచారు. "పాప అలిసిపోతోంది. ఇవాళ రేపు చూస్తాం. ఇలాగే ఉంటే వెంటిలేటర్ పెట్టాల్సి వస్తుంది. అప్పుడు ఇంకో పది రోజులైనా పట్టొచ్చు," అన్నారు. బయటికి రాగానే బిల్లింగ్ నుంచి ఫోన్, సాయంత్రానికి ఇంకా డబ్బు కట్టమని. మా అందరి దగ్గరా ఉన్నది ఊడ్చి కలిపినా మూడు రోజులు దాటదు. వెంటిలేటర్ పెట్టాక డబ్బు అయిపోతే అప్పుడు ఈ పిల్లను ఎక్కడికి కదపగలం?

లావణ్య కిటికీ దగ్గర నిలబడి పాల సీసాలు తుడుస్తోంది. కింద ఫ్లైఓవర్ మీద మా ఆఫీసుల వైపు వెళ్ళే బండ్లు బారులు తీరి ఉన్నాయి. పక్కకు వెళ్ళి నిలబడ్డాను.

"లావణ్యా, పాప ఇన్సూరెన్స్‌లో లేదు," అన్నాను.

సీసా తుడుస్తూనే ఉంది. "అంటే? వాళ్ళు రిజెక్ట్ చేశారా?"

"నేను చేర్చలేదు. పేరు పెట్టాక చేరుద్దామని ఆగాను. గడువు దాటిపోయింది."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"తొట్టెల మర్నాడే."

తుడిచిన సీసాకు మూత పెట్టింది. తర్వాత చాలా నెమ్మదిగా అంది. "నేను అడిగిన రోజేగా అది. అయిపోయింది అన్నారు."

"అవును."

"మూడు రోజుల నుంచి ఆ పక్కనావిడకి నేను ధైర్యం చెబుతున్నానండి. మాకు కంపెనీ చూసుకుంటుంది, మీకూ ఏదో ఒక దారి దొరుకుతుంది అని. తన చెయ్యి పట్టుకుని చెప్పాను. ఎంత గొప్పగా చెప్పానో."

ఏడుస్తుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను. ఏదీ చేయలేదు. సీసాలు సంచిలో పెట్టి నేరుగా డాక్టరుగారి గదికి వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, మా దగ్గర మూడు రోజులకే డబ్బుంది. గవర్నమెంటు పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్తే మా పాప బతుకుతుందా? ఉన్నదున్నట్టు చెప్పండి."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నేను పని నేర్చుకుంది అక్కడేనమ్మా. వైద్యం తక్కువేం కాదు. మంచాలూ మిషన్లూ తక్కువ, జనం ఎక్కువ. నా భయమంతా దారి గురించే. ఈ పరిస్థితిలో కదపమని నేను చెప్పలేను."

"వెంటిలేటర్ పెట్టాక కదపడం ఇంకా కష్టం కదండీ?"

"కష్టమే."

"అయితే రేప్పొద్దునే తీసుకెళ్తాం," అంది లావణ్య.

నన్ను అడగలేదు. నన్ను అడగాల్సిన పని ఆ రోజుకు అయిపోయింది.

ఇంట్లో అమ్మ ఒప్పుకోలేదు. "సర్కారు దవాఖానల పడేస్తరా పోరిని? నా పుస్తెలతాడు అమ్ముండ్రి, ఇగ దేనికున్నది అది," అని తీసి లావణ్య చేతిలో పెట్టింది.

"నువ్వు వీన్ని కన్నది గక్కడనే గదా," అన్నారు నాన్న.

"అందుకే వద్దంటున్న. చూసినదాన్ని గనుకనే చెప్తున్న."

పుస్తెలతాడు తిరిగి ఆమె మెళ్ళోనే వేసి లావణ్య అంది. "ఇది అమ్మితే రెండ్రోజులు వస్తుంది అత్తయ్యా. మనకి పది రోజులు కావాలి."

యాభై మూడో రోజు

అంబులెన్స్ పొద్దున పదింటికి బయల్దేరింది. లోపల లావణ్య, ఒక నర్సు, పాప. నేను ముందు సీట్లో. మెహదీపట్నం దాకా బాగానే వచ్చాం. అక్కడ బండ్లు కదలడం లేదు. సైరన్ మోగుతూనే ఉంది. పక్కకు జరగడానికి ఎవరికీ చోటే లేదు. వెనక్కి తిరిగి చూస్తే లావణ్య పాప నోటి దగ్గర వేలు పెట్టుకుని కూర్చుంది. ఊపిరి తగులుతోందా అని అడగబోయి ఆగిపోయాను. వేలు తీయడం లేదంటే తగులుతున్నట్టే.

ఆసుపత్రి చేరాక మంచం ఖాళీ లేదన్నారు. అంబులెన్స్‌లోనే ఉండమన్నారు. ఆక్సిజన్ సిలిండర్ ముల్లు దిగుతోంది. నర్సు దాన్ని చూస్తోంది, నేను నర్సును చూస్తున్నాను. మేము వదిలి వచ్చిన ఆసుపత్రి నుంచి ఆమెను వెంటనే వెనక్కి రమ్మని ఫోన్ వచ్చింది. "ట్రాఫిక్‌ల ఇరుక్కున్నం సార్," అని అబద్ధం చెప్పి పెట్టేసింది. నలభై నిమిషాల తర్వాత ఒక డ్యూటీ డాక్టరమ్మ వచ్చి పాప గుండె మీద స్టెత్ పెట్టి, "ఎత్తుకోండి, రండి," అంది. ఒక్క మంచం మీద ఇద్దరు పిల్లలు. మూడోది మాది అయింది.

కార్డు ఉందా, కంపెనీ ఏది అని ఎవరూ అడగలేదు. చేతికి ప్లాస్టర్ వేసి దాని మీద పెన్నుతో బేబీ ఆఫ్ లావణ్య అని రాశారు. పేరుందని చెప్పబోయి నోరు మూసుకున్నాను.

ఆ పది రోజులు అందంగా గడిచాయని చెప్పను. తండ్రులకు లోపలికి ప్రవేశం లేదు. బయట రేకుల షెడ్డు కింద వందమంది మధ్య పడి ఉండాలి. తల్లులు మంచాల సందుల్లో చాపలు వేసుకుని పడుకునేవారు. ఒక నర్సు పాతికమంది పిల్లలను చూసేది, అరిచేది, అరుస్తూనే సూది మాత్రం సరైన టైముకు వేసేది. మా నాన్న రోజూ వచ్చి షెడ్డు కింద నా పక్కన కూర్చునేవారు. టిఫిన్ డబ్బాలో అన్నం పెట్టి తినేదాకా చూసి వెళ్ళేవారు.

అక్కడికి వచ్చిన మూడో రోజు పాప ఇక ఊపిరి తీయలేకపోయింది. వెంటిలేటర్ కావాలన్నారు. ఒక్కటీ ఖాళీ లేదు. లావణ్య, ఇంకా ఇద్దరు తల్లులు మార్చి మార్చి రెండు గంటలపాటు చేత్తో రబ్బరు సంచి నొక్కుతూ పాపకు గాలి అందించారు. ఎలా నొక్కాలో, ఎంతలో ఒకసారి నొక్కాలో డాక్టరమ్మ చూపించి వేరే బిడ్డ దగ్గరికి పరిగెత్తింది. మధ్యాహ్నం మిషన్ ఒకటి ఖాళీ అయింది. అది ఎలా ఖాళీ అయిందో మేమెవ్వరం అడగలేదు. షెడ్డు కింద ఒక కుటుంబం లేచి గేటు వైపు నడిచి వెళ్ళడం మాత్రం నేను చూశాను.

జీతం చీటీలో ఆదాయపు పన్ను గడి చూసి ప్రతి నెలా సణిగేవాణ్ణి. ఈ డబ్బంతా ఎక్కడికి పోతుందో అని ఆఫీసులో ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ణి. అందులో ఎంతో కొంత ఈ ఇరుకు గదిలోకి వచ్చింది. చాలినంత రాలేదని ముగ్గురు పిల్లలున్న ఆ ఒక్క మంచం దగ్గరే అర్థమైంది. అందరం వేసే సొమ్ములో ఇక్కడికి ఇంత తక్కువ ఎందుకు వస్తుందని అడిగే అర్హత ఇంతకుముందు నాకు లేదు. ఈ పక్కకు ఎప్పుడైనా వస్తానని నేను అనుకుంటే గదా.

ఆరో రోజు గొట్టం తీశారు. పాప దానంతట అది ఊపిరి తీసుకుంది. తొమ్మిదో రోజు ఏడ్చింది, ఈసారి గొంతు దాటి, వార్డంతా వినిపించేలా. లావణ్య బయటికి వచ్చి షెడ్డు దగ్గర నిలబడి ఫోన్‌లో రికార్డు చేసిన ఆ ఏడుపు నాకు వినిపించింది. అన్ని రోజుల్లో మేమిద్దరం పాప ఎలా ఉందన్నది తప్ప మాట్లాడుకోలేదు. పక్కపక్కన నిలబడి మళ్ళీ మళ్ళీ విన్నాం.

ఆ తర్వాత

పాలసీ కొత్తగా రాసుకునే రోజులు వచ్చినప్పుడు ఫారం లావణ్యే నింపింది. నేను పక్కన కూర్చుని అడిగినవాటికి జవాబు చెప్పాను. అన్నీ అయ్యాక, పంపించినట్టు వచ్చిన రసీదును తన ఫోన్‌లో దాచుకుంది. ఇంటి కాగితాల బీరువా తాళం కూడా ఇప్పుడు తన దగ్గరే ఉంటుంది.

మీకు నేను చెప్పేదల్లా ఒకటే. పేరు లేకపోతే లేదని రాసి పంపించండి. ముహూర్తం కోసం ఎంత ఆగినా ఆగండి, ఫారం మాత్రం ఆపవద్దు. తప్పు చేస్తే, జబ్బు రాకముందే ఇంట్లో చెప్పండి.

నేనేమో మొన్నటిదాకా ఇంకా ఒకటి చెప్పలేదు. ఇప్పటిదాకా రాసినదాంట్లోనూ దాన్ని దాటేశాను. మొదటి ఆసుపత్రి నుంచి పాపను తీసుకువెళ్ళే పొద్దున, లావణ్య లోపల పాపను దుప్పట్లో చుడుతుంటే, కౌంటర్ దగ్గర నాతో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకువెళ్తున్నాను, దారిలో బిడ్డ ప్రాణానికి ఏం జరిగినా పూర్తి బాధ్యత నాదే అని ఉంది అందులో. దాని నకలు ఆరు నెలలు నా ఆఫీసు బ్యాగులోనే ఉంచుకున్నాను.

పోయిన ఆదివారం దాన్ని తీసుకువచ్చి లావణ్య ముందు పెట్టాను. "ఇది నీకు చూపించలేదు," అన్నాను.

మొదటినుంచి చివరిదాకా చదివింది. పాప తన కాళ్ళ దగ్గర నేల మీద అరచేతులు కొడుతూ ఆడుకుంటోంది.

"చదివే పెట్టారా సంతకం?"

"చదివే పెట్టాను."

"తీసుకెళ్దామంది నేను కదండీ. మీరొక్కరే పెట్టారేంటి?"

కాగితాన్ని తన వైపు తిప్పుకుంది. బల్ల మీద పెన్ను తీసుకుని నా సంతకం కింద తన సంతకం పెట్టింది. కింద తేదీ వేయబోయి ఆగింది.

"ఆ రోజు తేదీ ఎంతండీ?" అని అడిగింది.

చెప్పాను. ఆ తేదీయే వేసింది.